సర్పంచిగారు అత్తారింటికి పోయారు

ఈ కథ నాకు మొదట చెప్పింది మండ్ల ఈదన్న. చెంచు మనిషి. తేనె దుత్త మా అరుగు మీద దించి, ముంతెడు మజ్జిగ తాగి, మూతి తుడుచుకుని చెప్పాడు. ఆ పూట అరుగు మీద పోలా గురవయ్య కూడా ఉన్నాడు. ఉన్నాడంటే ఉన్నాడు, గుంజకు ఆనుకుని గురక పెట్టాడు. సగం విన్నవాడు ఇప్పుడు మిగతా సగం సొంతంగా కల్పించి ఊరంతా చెబుతున్నాడు. నాకు చదువు సంతకం దాటి పెద్దగా రాలేదు. విన్నది విన్నట్టు చెప్పడానికి ఆ మాత్రం కూడా అక్కర్లేదు.

"ఒక పెద్ద అడవిలో" అని మొదలుపెట్టాడు ఈదన్న. నేనూ అక్కడే మొదలుపెడతాను.

ఒక పెద్ద అడవిలో రెల్లుమడుగు అని ఒక చిన్న పల్లె ఉండేది. నడుమ మడుగు, చుట్టూ రెల్లు, పక్కన ఒక చింతచెట్టు, ఒడ్డున ఒక నల్లమద్ది మాను. ఊరంటే అంతే. ఒకప్పుడు ఆ ఊళ్ళో అందరూ దుప్పులే. పొద్దున లేస్తే దుప్పి ముఖం, సాయంత్రం పడుకుంటే దుప్పి వీపు.

ఆ నల్లమద్దికి ఊళ్ళో పెద్ద మర్యాద. ప్రతి మగదుప్పీ కొత్త కొమ్ముల మీద పట్టిన నూగుతోలును ఆ మానుకే రుద్ది వదిలించుకోవాలి. రుద్దినవాడు మొనగాడు. ఆ రోజు నుంచి వాడికి పంచాయితీలో మాట చెల్లుతుంది. అందుకని దాన్ని ఒరుపుమాను అనేవాళ్ళు.

ఇంకో మర్యాద ఉంది. కథంతా దాని మీదే నడుస్తుంది. గురవయ్య నిద్రపోయింది సరిగ్గా ఇక్కడే.

ఏటా ఎండలు ముదిరాక మగదుప్పులకు కొమ్ములు ఊడిపోతాయి. మళ్ళీ మొలుస్తాయనుకోండి. కానీ బోడినెత్తితో నలుగురిలో తిరగడం నామోషీ. అందుకని కొమ్ము ఊడినవాడు చప్పుడు చెయ్యకుండా పొదల్లో దూరి, మొలిచాకే బయటికొస్తాడు. "ఫలానాయన కనబడటం లేదే" అని ఎవరన్నా అడిగితే, "అత్తారింటికి పోయాడు" అనాలి. అడిగినవాళ్ళు "అట్టాగా, మంచిది" అనాలి. దాహం పట్టలేక బోడినెత్తివాడు రేవులో ఎదురుపడ్డా తల తిప్పుకుని పోవాలి. కళ్ళకు కనబడ్డా కనబడలేదు. వాడు అత్తారింట్లో ఉన్నాడు. ఆ అత్తారిల్లు ఎక్కడుందో వాళ్ళ పెళ్ళాలకు కూడా తెలియదు.

తరాల తరబడి ఇట్టా చెప్పుకున్నారు. చెప్పీ చెప్పీ, దుప్పికి కొమ్ము ఊడటమనేదే లేదని ఊరంతా గట్టిగా నమ్మింది.

అట్టా ఉండగా, అవతలి లోయలో కారుచిచ్చు పడి ఆరింది. వానలకు ఆ బూడిదలో లేతపచ్చిక మొలిచింది. వయసులో ఉన్న దుప్పులు "ఇక్కడేముంది, రెల్లు తప్ప" అని తోకలెత్తుకుని అటు పోయాయి. ఊళ్ళో పడకలు ఖాళీ అయ్యాయి. ఖాళీ పడక ఉన్నచోటికి ఎవరో ఒకరు వస్తారు.

ముందు కొండముచ్చులు వచ్చాయి. వాటి కొండను ఎవరో మందుపెట్టి పేల్చి కంకర చేశారు. ఆ గుంపుకు పెద్ద చింతాలమ్మ. నల్లమూతి, తెల్లకనుబొమలు, నోరు మంచిది, పొడుగుది. ఆ తరవాత అడవిపందులు, వాటి దుంపల నేల మునిగిపోతే. ఆ తరవాత ఒక ఏదుపంది, ఒంటరిగా. వాడు ఎందుకొచ్చాడో చెప్పలేదు. ఆ ముళ్ళు చూశాక అడగబుద్ధి ఎవరికీ కాలేదు. గురవయ్య ఇక్కడ కుందేలంటాడు. కుందేలు కాదు, ఏదుపంది. కుందేలైతే తరవాత జరిగింది జరగదు.

వచ్చినవాళ్ళు ఊరికే కూర్చోలేదు. పందులు మడుగు అంచున బురద పెళ్ళగించి ఊట తీశాయి. అంతకుముందు ఎండాకాలం చివర ఎండిపోయే మడుగు, అప్పటినుంచి ఎండలేదు. చింతాలమ్మ చింతచెట్టు చిటారున కూర్చుని కావలి కాసేది. కాస్తూ కాస్తూ పాట పాడేది. సగం తిని పారేసిన చిగుళ్ళు కింద దుప్పులకు పలారం.

చింతాలమ్మ కేకలు రెండు రకాలు. పులి జాడ కనబడితే గొంతు చించుకుని ఆపకుండా అరిచేది. పిల్లలు రేవులో లోతుకు దిగితే బెదిరించడానికి ఒక ఉత్తికేక వేసేది. అది ఒక్కసారే, ముక్కుతో, తొడ గోక్కుంటూ. మొదటిదానికి ఊరంతా పరుగు. రెండోదానికి పిల్లలు కూడా నవ్వేవాళ్ళు.

ఈ తేడా తెలియనిది ఊళ్ళో ఒక్కరికే. ఆయన సర్పంచి. పేరు గండ్రకొమ్ము. పేరుకు తగ్గ కొమ్ములు, కొమ్ములకు తగ్గ మెడ. "కోతికూతలు నేర్చుకునే ఖర్మ నాకేం పట్టింది?" అనేవాడు. అందుకని ఏ కేక వినబడ్డా అందరికన్నా ముందు పరిగెత్తేది ఆయనే. తిరిగొచ్చి, "కాళ్ళు పట్టేసినాయి, కాస్త సాగదీశా" అనేవాడు.

ఒక సాయంత్రం గండ్రకొమ్ము మేతకు కూర్చుంటే, ఆయన చిన్నకూతురు చిగురు నోట పెట్టుకుని "గుర్‌ర్" అంది.

"ఏంది ఆ చప్పుడు?"

"బాగుందని చెప్పా నాన్నా. పందుల పిల్లలు ఇట్టాగే అంటారు."

గండ్రకొమ్ము మెడ నిక్కింది. "నా ఇంట్లో పందిమాటా!"

ఆయన భార్య చుక్కమ్మ నెమ్మదస్తురాలు. నవ్వి, "పిల్ల అన్నం బాగుందంటే సంతోషించక, ఏ మాటలో అందని చూస్తావేందయ్యా?" అంది.

"నువ్వు మాట్లాడొద్దు. పొద్దస్తమానం ఆ చింతచెట్టు కిందే నీ కాపరం. వదినా అంటే వదినా అని ఆ కోతిదానితో కబుర్లు."

"ఉన్నాం కదాని పలకరించుకుంటాం."

ఆ మాట గండ్రకొమ్ముకు ముల్లులా దిగింది. ఉన్నారు. నిజంగానే ఉన్నారు. రేవులో చూస్తే దుప్పి వీపుల మధ్య పంది వీపులు. చెట్టు మీద చూస్తే అన్నీ తోకలే.

మర్నాడు తొండను పిలిపించాడు. తొండ పంచాయితీ గుమాస్తా. ఎవరేం చెప్పినా తల ఆడిస్తుంది. దానికి వేరే పని రాదు, ఆ పనిలో దానికి సాటి లేదు.

"ఏమయ్యా తొండా, ఊరు ఊరులాగా ఉందంటావా?"

తొండ తల ఆడించింది.

"ఉందంటావా, లేదంటావా?"

"తమరేదంటే అదేనండీ. కాకపోతే ఒక గాలికబురు. వచ్చే ఎన్నికల్లో చింతాలమ్మను నిలబెడతారంట."

"కోతిని!"

"మీకన్నా ఎత్తులో కూర్చుంటుంది కదాని జనం అంటున్నారండీ. నేనట్లేదు."

గండ్రకొమ్ము ముందుకాలితో నేల తన్నాడు. "ఊరివాడెవడు, పరాయివాడెవడు, అది ముందు తేలాలి."

"తేలుద్దామండీ. ఎట్టా తేలుద్దామంటారు?"

"నువ్వే చెప్పు. గుమాస్తావి ఎందుకు?"

తొండ సర్పంచి వైపు కిందనించి పైదాకా చూసింది. పైన ఏముంది? కొమ్ములు. "కొమ్ములండీ," అంది. "ఈ ఊళ్ళో కొమ్ములు మీకే ఉన్నాయి. పందికి లేవు, కోతికి లేవు. కొమ్ముతో ఒరుపుమాను మీద గీత పెట్టగలిగినవాడే ఊరివాడు. పెట్టలేనివాడు మూడో పొద్దుకు మడుగు వదిలిపోవాలి. అడిగేవాడు లేడు."

గండ్రకొమ్ము మడుగులో తన నీడ చూసుకున్నాడు. కొమ్ములు నీళ్ళల్లో చెట్టంత ఉన్నాయి. "బాగుంది," అన్నాడు.

పంచాయితీ పెట్టారు. తొండ రాయెక్కి చట్టం చదివి, "అభ్యంతరాలుంటే చెప్పండి" అంది.

ముసలిపంది ఒకటి ముందుకొచ్చింది. "కోరలు పనికిరావా అయ్యా? ఇవీ నెత్తికి దగ్గర్లోనే మొలిచినాయి."

"నోట్లో మొలిచింది పన్ను కింద లెక్క," అంది తొండ.

ఏదుపంది ముళ్ళు గలగలలాడించాడు. "నాకు ఒంటినిండా ఉన్నాయి. ఒకటి కాకపోతే ఒకటి చూసుకోండి."

"అవి వెంట్రుకలు."

"దగ్గరికొచ్చి చెప్పు."

తొండ దూరంనించే తల ఆడించింది.

అప్పుడు చుక్కమ్మ లేచింది. "ఏమయ్యా, నాకూ కొమ్ముల్లేవు. ఆడదుప్పి ఎవరికీ ఉండవు. మరి మేమంతా పరాయివాళ్ళమేనా?"

తొండ సర్పంచి వైపు చూసింది. సర్పంచి ఆకాశం వైపు చూశాడు. చివరికి తొండే తేల్చింది: "ఆడవాళ్ళు మొగుడి కొమ్ముల కింద జమ."

"మొగుడు అత్తారింటికి పోయినప్పుడో?"

దుప్పులన్నీ ఉలిక్కిపడి తలలు తిప్పుకున్నాయి. నలుగురిలో అనగూడని మాట. గండ్రకొమ్ము గట్టిగా దగ్గి, "అభ్యంతరాలు ముగిసినాయి" అన్నాడు.

ఇంకొక ఇల్లు మిగిలిపోయింది: కప్పలు. ఎండాకాలం కదా, అవి బురద కింద నిద్రలో ఉన్నాయి. "పిలిచాం, పలకలేదు. కాబట్టి ఒప్పుకున్నట్టే," అని తొండ చట్టం ఖాయం చేసింది.

చింతాలమ్మ చెట్టు దిగి వచ్చింది. ఎవరింటికీ ఎందుకూ దిగనిది, సర్పంచి ముందు నేల మీద కూర్చుంది. వెనకాల ఆమె కూతురు, కూతురి రొమ్మున నల్లటి పసిగుడ్డు. ఈని వారం కూడా కాలేదు.

"అన్నా, పొమ్మంటే పోతాం. పోవడం మాకు కొత్త కాదు. కాకపోతే ఇప్పుడు కాదు. ఇంకో నీళ్ళ చోటంటే ఏరే. ఏటికి పోవాలంటే బండలు దాటాలి. ఈ ఎండకు ఆ బండల మీద అరికాలు ఆనదు. ఈ పసిదాన్ని మోసుకుని పోతే, అవతలికి తల్లి ఒక్కతే చేరుతుంది. వానలు పడేదాకా ఆగు."

గండ్రకొమ్ము పసిదాని వైపు చూడలేదు. చూస్తే చట్టం చెడుతుందని ఆయనకూ తెలుసు. "చట్టం అందరికీ ఒకటే," అన్నాడు.

"అందరికీ ఒకటే అయితే మంచిదే," అంది చింతాలమ్మ. లేచి చెట్టెక్కింది. మర్నాడు కూడా కావలి కాసింది. చిగుళ్ళు కూడా పారేసింది, కానీ పాట పాడలేదు.

ఎల్లుండే ఒరుపుపరీక్ష పెడదామన్నాడు గండ్రకొమ్ము. తొండ తల ఆడించలేదు. పుట్టాక అది తల ఆడించకపోవడం అదే మొదటిసారి.

"ఇంత పెద్ద కార్యం పెద్దలు లేకుండానా అండీ? అడవిదున్నగారిని పిలుద్దాం. మంత్రి. ఆయన చేతులమీదుగా జరిగితే అడవంతా మన పేరు మోగుతుంది."

పేరు మోగుతుందనేసరికి గండ్రకొమ్ము లొంగాడు. కబురు పోయింది. అడవిదున్న వస్తానన్నాడు. వస్తానన్న రోజు రాలేదు, ఎక్కడో గడ్డివాము ప్రారంభమంట. ఇంకో రోజు చెప్పాడు. ఆ రోజు కాలు బెణికిందన్నాడు. ఇంకో రోజు చెప్పాడు. ఆ రోజు ఏమీ చెప్పలేదు.

ఎండలు ముదిరాయి. గండ్రకొమ్ముకు నెత్తి దురద మొదలైంది.

"మంత్రిగారు లేకపోతే ఏమయ్యా, రేపే కానిద్దాం," అన్నాడు.

"తొందరేముందండీ?"

"ఏముందంటే... ఊరికే."

"ఊరికేనైతే ఆగుదామండీ. పిలిచి, రాకముందే కానిస్తే మంత్రిగారికి కోపమొస్తుంది."

ఏం చెప్పగలడు? నా కొమ్ములు ఊడబోతున్నాయి అని చెప్పాలి. ఆ మాట అనడానికి ఆ ఊళ్ళో మర్యాద లేదు. నోరు మూసుకుని, చెవితో కొమ్ము మొదలు తడుముకుంటూ తిరిగాడు.

ఊళ్ళో మగదుప్పులు ఒక్కొక్కరే కనబడకుండా పోయారు.

"మీ బావ కనబడటం లేదే?"

"అత్తారింటికి పోయాడు."

"అట్టాగా, మంచిది. మరి మీ చిన్నాయన?"

"ఆయన కూడా."

చివరికి ఇంకో రోజు వస్తానని మంత్రిగారి కబురొచ్చింది. ఆ పరీక్షనాటికి ఊళ్ళో మిగిలిన మగదుప్పి గండ్రకొమ్ము ఒక్కడే. ఆయన కూడా నాలుగు రోజులుగా తల ఆడించకుండా, చెట్ల కింద వంగకుండా, నిద్రలో కూడా నిలబడి కాపాడుకున్నాడు. అయినా ఆ పొద్దున నీళ్ళు తాగడానికి వంగితే ఎడమకొమ్ము టపీమని రేవులో పడింది.

పొదల్లోకి పోవాలి. పోతే పరీక్ష ఎవరు పెడతారు? ఒంటికొమ్ముతో వచ్చి మాను పక్కన నిలబడ్డాడు. తల ఒకపక్కకు వాలిపోయింది. ఊరంతా చూసింది. ఊరంతా తల తిప్పుకుంది.

అప్పుడొచ్చాడు అడవిదున్న. వెనక మందీ మార్బలం, అన్నీ దున్నలే. పుట్ట మీద నిలబెట్టి రెల్లుపూల దండ వేశారు. వేసిన దండను వేసినట్టే తినేసి, నమిలి మింగి మాట్లాడాడు.

"ఊరు ఊరివాళ్ళకే ఉండాలి! పరాయివాళ్ళు పోవాలి! సర్పంచిని అభినందిస్తున్నా. ఏడీ?" అని చూసి, "ఏమయ్యా, నీకు ఒక్క కొమ్మే ఉందేం?" అన్నాడు.

బయటివాడు కదా, ఊరి మర్యాద తెలియదు. దుప్పులు సిగ్గుతో చచ్చినంత పనైంది. ఎవరో ఒకరు ఏదో ఒకటి అనాలి. చుక్కమ్మ అంది:

"సర్పంచిగారు సగం అత్తారింటికి పోయారండీ."

"సగమా?"

"అవునండీ. మిగతా సగం బయలుదేరే తొందరలో ఉంది."

గండ్రకొమ్ము ఇక ఆలస్యం చేస్తే ఆ సగం కూడా మిగలదని, ఒరుపుమాను దగ్గరికి ఉరికి, ఉన్న కొమ్ముతో ఒక్క పోటు పొడిచాడు. మాను మీద గీత పడలేదు. కొమ్ము ఊడి, ఎగిరి, మంత్రిగారి కాళ్ళ దగ్గర పడింది.



"సర్పంచి ఏడీ?" అన్నాడు అడవిదున్న, ఎదురుగా ఉన్నవాడిని గుర్తుపట్టలేక.

ఊరంతా ఒక్క గొంతుతో అంది: "అత్తారింటికి పోయారండీ!"

అలవాటు అది. అనాలని ఎవరూ అనుకోలేదు. దుప్పులు అన్నాయి, పందులు అన్నాయి, ఏదుపంది కూడా అన్నాడు. అన్నేళ్ళుగా ఉన్నారు, ఊరి మర్యాద వాళ్ళకు మాత్రం తెలియదా?

"మరి ఈ బోడినెత్తివాడెవడు?"

తొండ సర్పంచిని చూసింది, మంత్రిని చూసింది, మంత్రి వైపు తల ఆడించింది. "ఎవరో పరాయివాడండీ."

"ఓరి తొండా!" అన్నాడు గండ్రకొమ్ము. "అయ్యా, నేనే సర్పంచిని! అదిగో, నా కొమ్ము! అదే సాక్ష్యం!"

అందరూ సాక్ష్యం వైపు చూశారు. ఏదుపంది దాన్ని రెండు చేతులా పట్టుకుని కరకరా కొరుకుతున్నాడు. ఊడిన కొమ్ములు ఏదుపందికి ప్రాణం. పొద్దున రేవులో పడింది అప్పటికే అయిపోయింది.

"రెండోది కాస్త చప్పగా ఉంది," అన్నాడు.

అడవిదున్న పుట్ట దిగాడు. మాను దగ్గరికి పోయాడు. మెడ వంచి ఒక్క ఒరుపు ఒరిస్తే బెరడు జానెడు లేచొచ్చింది. దున్నకొమ్ము ఊడేది కాదు. పుట్టినప్పుడు మొలిస్తే చచ్చిందాకా ఉంటుంది.

"చట్టం బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు. "కొమ్ముతో గీత పెట్టింది నేనొక్కణ్ణే. కాబట్టి ఈ ఊరికి ఊరివాణ్ణి నేనొక్కణ్ణే. నా వాళ్ళందరికీ కొమ్ములున్నాయి, వాళ్ళూ ఊరివాళ్ళే. మీరంతా మూడో పొద్దుదాకా ఎందుకు, ఇప్పుడే కదలండి." అని మడుగులో దిగి, నడుమ కూర్చున్నాడు. ఆయన కూర్చుంటే ఊటనీళ్ళు ఒడ్డు దాటి పోయాయి. వెనకే దున్నలన్నీ దిగసాగాయి.

పందులు పిల్లలను ముందేసుకున్నాయి. ఆడదుప్పులు బండల వైపు చూసి నిలబడిపోయాయి. గండ్రకొమ్ము ఎవరికీ కనబడని చోట నిలబడ్డాడు, అంటే అందరి మధ్యలో.

చెట్టు మీద చింతాలమ్మ కూతురు పసిదాన్ని పొట్టకు అదుముకుని కొమ్మ దిగడం మొదలుపెట్టింది.

"ఎక్కడికే?" అంది చింతాలమ్మ.

"పొమ్మంటున్నారు కదమ్మా."

"కూర్చో."

చింతాలమ్మ చిటారున సర్దుకుని కూర్చుంది. ఎడమ తొడ గోక్కుంటూ, ముక్కుతో, ఒక్క కేక వేసింది.

ఇంకేముంది! అడవిదున్న మడుగులోంచి లేచిన తీరుకు సగం నీళ్ళు ఆయనతో లేచాయి. "పులి! పులి!" అని మొదట అరిచింది మంత్రిగారే. ఊరికి ఊరివాణ్ణి తానొక్కణ్ణేనన్న మాట మరిచి, వచ్చిన దారి కూడా మరిచి, బండల వైపే పరిగెత్తాడు. దున్నలన్నీ వెనకే. తొండ పుట్టలో దూరింది. కాసేపటికి దుమ్ము తప్ప ఏమీ మిగల్లేదు.

ఊళ్ళోవాళ్ళు ఒక్కరు కదల్లేదు. పంది పిల్లలు కిసుక్కున నవ్వాయి.

గండ్రకొమ్ము మాత్రం కాలెత్తాడు. చుక్కమ్మ ఆయన చెవి పళ్ళతో పట్టుకుంది.

"ఆగయ్యా. ఉత్తిదే."

"నీకెట్టా తెలుసు?"

"ముక్కుతో అరిచింది. చూడు, తొడ గోక్కుంటా ఉంది."

గండ్రకొమ్ము అన్నేళ్ళలో మొదటిసారి తలెత్తి చింతచెట్టు చిటారు చూశాడు. నిజమే, గోక్కుంటా ఉంది. ఇన్నాళ్ళూ ఎన్నిసార్లు ఉత్తికేకకు పరిగెత్తాడో లెక్కేసుకుంటే నెత్తిమీద ఇంకా బోడిగా అనిపించింది.

ముసలిపంది ఒరుపుమాను చూసి, ఊరు చూసి, "అయితే పరీక్ష అయిపోయినట్టేనా అయ్యా?" అంది. జవాబు చెప్పడానికి సర్పంచి లేడు. పొదలో దూరాడు.

ఆ మధ్యాహ్నం చుక్కమ్మ ఎప్పట్లాగే చింతచెట్టు కింద కూర్చుంది. పైనించి చింతాలమ్మ అడిగింది:

"ఏం వదినా, అన్నయ్య కనబడటం లేదే?"

"అత్తారింటికి పోయాడు వదినా."

"అట్టాగా, మంచిది," అంది చింతాలమ్మ. అని, ఎటో చూస్తూ, లేతచిగుళ్ళ రెమ్మ ఒకటి విరిచి విసిరింది. అది పోయి సరిగ్గా ఆ పొద మధ్యలో పడింది. కాసేపటికి పొదలోంచి నమిలిన చప్పుడు, ఆ వెంటనే చిన్నగా "గుర్‌ర్" అని వినబడింది. చుక్కమ్మ వినలేదు. చింతాలమ్మా వినలేదు. మర్యాద.

కొమ్ములు మొలిచాక గండ్రకొమ్ము బయటికొచ్చాడు. ఎన్నికలకు నిలబడలేదు. చట్టాన్ని మాత్రం కొట్టెయ్యలేదు, కొట్టెయ్యాలంటే ఎందుకో చెప్పాలి కదా. అందుకని అది ఇప్పటికీ ఉంది. దాని ప్రకారం రెల్లుమడుగులో ఏటా కొన్నాళ్ళు ఊరివాడనేవాడే ఉండడు, అందరూ పరాయివాళ్ళే. ఆ కొన్నాళ్ళు ఊరు చాలా హాయిగా ఉంటుందంటారు.

తొలకరికి కప్పలు బురదలోంచి లేచాయి. ఒడ్డునున్న దుప్పులను, పందులను, కోతులను కలియజూసి, "ఎవరయ్యా మీరంతా, మా ఇంట్లో?" అన్నాయి. అభ్యంతరాల గడువు దాటిపోయిందని తొండ తీసుకోలేదు.

నీతి: పరాయివాళ్ళను తరమదలిస్తే కొమ్ములు గట్టిగా ఉన్న నెలలోనే తరిమెయ్యాలి, ఆలస్యం అమృతం విషం.

ఇది కథ. ఈదన్న చెప్పింది ఇంతే, నేను చెప్పిందీ ఇంతే. మా ఊళ్ళో ఇప్పుడు మిరపకోతలకు వచ్చి ఉండిపోయినవాళ్ళున్నారు, ఇటుకబట్టీకి వచ్చినవాళ్ళున్నారు, మిఠాయి అంగడి పెట్టినవాళ్ళున్నారు. బడిగోడ మీద ఈ కథ బొమ్మ వేస్తుంటే గురవయ్య పక్కన నిలబడి పెయింటరుకు చెప్పాడు. ఆ బొమ్మలో దుప్పి ఒరుపుమాను ముందు రొమ్ము విరుచుకుని నిలబడి ఉంది, కోతులు పారిపోతున్నాయి, దుప్పి నెత్తిన ఇంతింత కొమ్ములు. ఆ రోజున దానికి కొమ్ముల్లేవు. నా చెయ్యి అంత ఎత్తు అందదు. చదువుకున్నవాళ్ళెవరైనా నిచ్చెన వేసుకుని, కాస్త సున్నం తీసుకుని, ఆ రెండు కొమ్ములూ చెరిపెయ్యండి.